సేపలు అన్న అమ్మాయి

మధురవాడ బస్సులో నా పక్కన కూర్చున్న ఆఫ్రికా అమ్మాయి ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "ఈరోజు హార్బరులో సేపలు బాగా పడ్డాయి. వంజరం, కానాగంతలు..." అని తెలుగులో చెబుతోంది. మాట కలిపాను. ఇక్కడ చేపల పెంపకం చదువుతోందట. నేను పేరైనా వినని ఒక చిన్న ఆడియో యాప్‌లో రోజూ ఈ కబుర్లు పెడుతుందట.

"అంత పెద్ద యాప్‌లు ఉండగా ఇదెందుకమ్మా?" అన్నాను.

"అక్కడ నన్ను సూత్తారండీ. ఇక్కడ నా సేపల గురించి ఇంటారు. రేపు నాకు ఉద్యోగాలిచ్చీవోలు కూడా ఇక్కడే ఇంటన్నారు."

ఉండబట్టలేక సరిదిద్దాను. "సేపలు కాదమ్మా, చేపలు."

ఆమె నవ్వింది. "నాకు నేర్పింది హార్బరులో సేపలమ్ముకునే అమ్మలండీ. ఆల్ల మాట మార్సీసి నాదని సెప్పుకుంటే తప్పు కాదేటి?"

నాది సబ్బవరం పక్క పల్లె. ఆఫీసులో నవ్వుతారని ఇన్నేళ్లూ మా ఇంటి మాటను నోట్లోనే నొక్కేసుకున్నాను.

ఇంతలో నా ఫోన్ మోగింది. ఎక్కడున్నారని మా మేనేజరు.

"నాను బస్సులో ఉన్నానండీ, వత్తన్నాను," అన్నాను.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నారు ఆయన అవతల. పక్కనున్న అమ్మాయి తలైనా ఎత్తలేదు. అప్పటికే ఇంకో సేప పేరు చెబుతోంది.