డ్యాష్‌బోర్డు వెనుక చుట్టాలు

వైర్ల వదిన జీపులోకి ఎక్కే పద్ధతే వేరు. మామూలు మనుషులు తల ముందు పెట్టి ఎక్కుతారు. ఆమె కాళ్ళు సీటు మీద పడేసి, వీపు కింద గోనెసంచి సర్దుకుని, తల తీసుకెళ్ళి క్లచ్ పెడలు పక్కన పెడుతుంది. బయటికి కనిపించేవి రెండు పాదాలు మాత్రమే. ముప్ఫై ఏళ్ళుగా ఆ వీధిలో అందరూ ఆ పాదాలతోనే మాట్లాడుతున్నారు. పాదం ఊగితే సరేనని, బొటనవేలు ముడుచుకుంటే ఇప్పుడు కాదు పొమ్మని అర్థం.

ఆ రోజు పొద్దుటి నుంచీ రెండు బొటనవేళ్ళూ ముడుచుకునే ఉన్నాయి.

జీపు డ్రైవర్ల సంఘం సెక్రటరీ తన పాత జీపుకి డిజిటల్ మీటరు కొనుక్కొచ్చాడు. పాత డ్యాష్‌బోర్డులో గుండ్రటి మీటర్లు అయిదు. అయిదూ అయిదు రకాలుగా ప్రాణం వదిలాయి. స్పీడు ముల్లు నలభై దగ్గర ఆగిపోయింది. బండి షెడ్డులో నిద్రపోతున్నా దాని లెక్కలో నలభై మీద పరుగెడుతూనే ఉండేది. డీజిల్ ముల్లు ఊడిపోయి, ఆ గాజు వెనక ఒక సాలీడు కాపురం పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా సెక్రటరీ ట్యాంకులో వెదురుపుల్ల ముంచి, తడి ఎంతవరకుందో చూసుకుని, పుల్లను ప్యాంటుకి తుడుచుకుంటూ నెట్టుకొచ్చాడు. అతని ఎడమ తొడ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదని తోటి డ్రైవర్ల వేళాకోళం.

సంఘంలో జీపులు పదకొండు. కొండ మీది క్వారీకి మనుషుల్నీ సామాన్లనీ చేరవేయడమే వాటి పని. సెక్రటరీ బండికి కుదిరితే మిగతా పదింటికీ అదే మీటరు. బిగించేది ఎవరన్నదే తేలాలి: వదినా, పెద్ద రోడ్డు మీద కొత్తగా తెరిచిన గాజు తలుపుల షాపా? వదిన షెడ్డుకి కొత్త బండ్లు రావడం ఎప్పుడో మానేశాయి. హారన్లూ మాడిన బల్బులూ తప్ప పనిలేదు. ఈ పది జీపులూ చేజారితే షట్టరు దించేసి, భర్త దర్జీ కొట్లో గుండీలు కుడుతూ కూర్చోవాలి. భర్త మంచివాడే. గుండీలే ఆమెకు పడవు.

ఆమెకు పని నేర్పింది మామగారు. మొదట కొడుక్కే నేర్పబోయాడు గానీ, ఆ పిల్లాడు బ్యాటరీ దగ్గర ఒక్క మెరుపు చూసి వెళ్ళి కుట్టుమిషను వెనకాల దాక్కున్నాడు; ఇప్పటికీ బయటికి రాలేదు. కాపురానికొచ్చిన కోడలు మాత్రం మూడో రోజునే "మామయ్యా, ఈ ఎర్ర తీగ ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. అంతే, పెద్దాయన మొహం చేటంత అయింది.

ఆయనకు అక్షరం రాదు. అందుకని వైర్లకు చుట్టరికాలు పెట్టుకున్నాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి వైరు ఇంటి యజమాని. అందరూ ఆయన ముందు చెయ్యి చాచాల్సిందే. ఎర్త్ వైరు అమ్మమ్మ. ఎవరు ఎక్కడ తిరిగొచ్చినా చివరికి ఆవిడ దగ్గరికే చేరాలి. హారన్ వైరు మేనత్త. బ్రేకు లైటు వైరు అల్లుడు, కాలు తగిలితే చాలు ఎర్రబడతాడు. ఫ్యూజు మధ్యవర్తి, ఇద్దరు కొట్టుకుంటే ముందు మాడిపోయేది అతనే. ఇక డీజిల్ ట్యాంకు నుంచి ఒకటి, ఇంజిను వేడి చెప్పడానికి ఒకటి, పక్కపక్కనే పాకి వచ్చే సన్నటి వైర్లు రెండున్నాయి. అవి పెద్ద తోడికోడలు, చిన్న తోడికోడలు. ఒకే గోడ పట్టుకుని వస్తారు, మాటల్లేవు.

మామగారు పోయి ఎనిమిదేళ్ళు. ఆ సంసారమంతా నోటికొచ్చిన మనిషి ఇంట్లో ఇంకొకరున్నారు, అత్తగారు. డెబ్బై ఆరేళ్ళు. జీపు తలుపు పక్కన స్టూలు వేసుకుని టార్చిలైటు పట్టుకుంటుంది. వెలుగు పడాల్సిన చోట తప్ప అన్నిచోట్లా పడుతుంది గానీ, జ్ఞాపకం మాత్రం గురి తప్పదు.

"అత్తయ్యా, లైటు నా కళ్ళలో వేశారు."

"నీ మొహం చూసి చాలాసేపయిందని వేశాను."

"మేనత్తను కలిపేశాను, అల్లుణ్ణీ కలిపేశాను. తోడికోడళ్ళే మిగిలారు. మట్టి పట్టి ఇద్దరూ ఒకటే రంగు. పెద్దావిడ ఎవరు?"

"ఎడంపక్కది. మీ మామయ్య ఎప్పుడూ పెద్దదాన్ని ఎడంపక్కే ఉంచేవాడు."

వదిన ఎడంపక్క వైరు పట్టుకుని కొత్త మీటరు డీజిల్ వైరుకి కలిపి టేపు చుట్టింది. రెండో దాన్ని ఇంజిను వేడికి కలిపింది. ఒకసారి సరిచూసుకుందామనుకునేలోపు బయట గేరు తాత గొంతు వినిపించింది. డ్రైవర్లందరిలోకీ పెద్దవాడు, గాజు తలుపుల షాపు పక్షం.

"ఎంతసేపమ్మా? ఆ షాపులో అయితే ఈపాటికి చల్లగాలిలో కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చేవాళ్ళు."

"మీకు చదవడం రాదుగా తాతా," అంది అత్తగారు టార్చి అతని మీదికి తిప్పి.

"బొమ్మలుంటాయిగా."

వదిన పాకుతూ బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, తాళం తిప్పింది. డ్యాష్‌బోర్డంతా నీలంగా వెలిగింది. అంకెలు సున్నా నుంచి ఎగబాకి మళ్ళీ సర్దుకున్నాయి. ఆ వెలుగులో సెక్రటరీ పెళ్ళికొడుకులా కనిపించాడు. డీజిల్ దగ్గర ఒక్క గీత. "పుల్ల కూడా ఇంచుమించు ఇంతే అంది. వదినా, దీనికి కళ్ళున్నాయి," అన్నాడు. అని, వెదురుపుల్లను రెండు ముక్కలు చేసి పొదల్లోకి విసిరేశాడు.

పరీక్ష ఏమిటంటే, క్వారీ దాకా కొండ ఎక్కి దిగాలి. అత్తగారు అందరికంటే ముందు ఎక్కి ముందు సీటు ఆక్రమించింది. దింపే ధైర్యం ఎవరికీ లేదు. వెనకాల వదిన, గేరు తాత, ఇంకో నలుగురు డ్రైవర్లు. జీపు మూలుగుతూ కొండ ఎక్కింది.

మొదటి మలుపులో డీజిల్ రెండు గీతలయింది.

"పెరిగింది," అన్నాడు సెక్రటరీ.

"రోడ్డు ఎత్తుగా ఉందిగా, డీజిలంతా వెనక్కి చేరి ఉంటుంది," అన్నాడు గేరు తాత, అన్నీ తెలిసినవాడిలా.

రెండో మలుపులో నాలుగు. మూడో మలుపులో ఆరు. సెక్రటరీకి పట్టపగ్గాల్లేవు. దారిన పోయేవాళ్ళందరికీ హారన్ కొట్టి మరీ చెబుతున్నాడు. "ఎక్కేకొద్దీ నిండుతోంది. పైకెళ్ళేసరికి పొంగిపోతుందేమో, గిన్నె తెచ్చుకోవాల్సింది." వెనకాల నలుగురూ ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. గేరు తాత సైతం మెడ సాచి నోరు తెరిచాడు. వాళ్ళ సంబరం వదినకీ అంటుకుని, ఆమె కూడా పగలబడి నవ్వింది.

ఆ నవ్వులోనే ఆమె కన్ను ఇంజిను వేడి మీద పడింది. బయల్దేరినప్పటి నుంచీ అది కదల్లేదు. మండుటెండలో, ఎనిమిదిమంది బరువుతో, రెండో గేరులో కొండ ఎక్కుతున్న ఇంజిను చల్లగా ఉందట.

వదిన తన రెండు చేతులూ చూసుకుంది. అత్తగారు చెప్పిన ఎడమ, సీట్లో కూర్చున్న మనిషికి ఎడమ. తను పడుకున్నది తలకిందులుగా. తోడికోడళ్ళిద్దరూ ఇళ్ళు మారిపోయారు. గీతలు పెరుగుతోంది డీజిల్ కాదు, ఇంజిను వేడి.

"ఇంకా ఆలస్యం ఎందుకు? మిగతా పది బండ్లూ వదినకే. చేతులెత్తండి," అన్నాడు సెక్రటరీ.

నాలుగు చేతులు లేచాయి. గేరు తాత చెయ్యి కూడా మోకాలి దాకా వచ్చి ఆలోచిస్తోంది. నోరు మూసుకుంటే పని అయిపోతుంది. రాత్రికి వెళ్ళి చడీచప్పుడు లేకుండా వైర్లు మార్చేయొచ్చు.

"చేతులు దించండి," అంది. "నేను రెండు వైర్లు తారుమారు చేశాను. అక్కడ కనిపించేది డీజిల్ కాదు. డీజిల్ బయల్దేరినప్పుడు ఎంతుందో అంతకంటే తక్కువే ఉంటుంది."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"వదినా, ఎనిమిది గీతలు," అన్నాడు సెక్రటరీ దీనంగా. చంటిపిల్లాడి చేతిలో మిఠాయి లాక్కున్నట్టయింది అతనికి.

జీపు ఒకసారి దగ్గింది. రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

వదిన ఎవరి మొహమూ చూడలేదు. కాళ్ళు సీటు మీద పడేసి తల కిందికి దూర్చింది. గేరు తాత ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. అతను సగం తాగేలోపు టేపు విప్పడం, ఇద్దరినీ ఎవరింటికి వాళ్ళని చేర్చడం అయిపోయింది. తాళం తిప్పితే డీజిల్ సున్నా, ఇంజిను వేడి ఎనిమిది గీతలు.

"తప్పు నాదే," అంది వదిన. "ఆ షాపుకే ఇస్తానంటే కాదనను."

గేరు తాత గ్లాసు దించాడు. "ఏ వైరు ఎవరో చూడకుండా ఎలా తెలిసింది?"

"మామయ్య వేసిన వైరింగు తాతా. మొదట నాకు కుడి ఎడమలు తిరగబడ్డాయి గానీ, మనుషులు తెలుసు."

"నా బండి కూడా ఆయన వేసిందే."

"పదకొండూ ఆయన వేసినవే," అంది అత్తగారు ముందు సీట్లోంచి. "నీ బండిలో మేనత్తకి రెండు పెళ్ళిళ్ళు. హారన్ రెండుసార్లు మార్పించుకున్నావు, మొదటి తీగ ఇంకా అక్కడే తిరుగుతోంది. ఆ గాజు షాపువాడికి ఎవరు చెబుతారు ఈ గొడవలన్నీ?"

తాత కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వాడు బండి మూడు రోజులు వదిలి వెళ్ళమన్నాడు," అన్నాడు చివరికి, "చుట్టాల సంగతి అడగనే లేదు." టీ మిగతా సగం వదినకు అందించాడు.

బండి ముక్కు కిందికి తిప్పితే కొండ దిగువ దాకా దానంతటదే జారింది. పెట్రోలు బంకు ఇంకా రెండు ఫర్లాంగులుందనగా చదును వచ్చింది. అందరూ దిగి తోశారు, అత్తగారు తప్ప. ఎవరి బండి ముందు అన్న తగువు అక్కడే మొదలైంది.

"నాదే ముందు. పెద్దవాణ్ణి," అన్నాడు గేరు తాత.

"మీటరు బండికి పెడతారా, వయసుకి పెడతారా?"

"ముందు నువ్వు తోస్తున్నావో, పట్టుకుని నడుస్తున్నావో చెప్పు తాతా."

సెక్రటరీ స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని, పక్కన నడుస్తూ, తన బండి చూసే కదా అందరికీ మీటరు బుద్ధి పుట్టిందని వినేవాళ్ళు లేకపోయినా చెబుతున్నాడు. లోపల అత్తగారు నీలం వెలుగులోకి వంగి స్పీడు చదువుతోంది: "నాలుగు... అయిదు... మళ్ళీ నాలుగు. మాటలు తగ్గించి తొయ్యండి, ఇక్కడ అంతా తెలిసిపోతోంది."

వదిన కూడా వెనకాల చేతులు వేసింది గానీ, నవ్వీ నవ్వీ వాటిలో బలం లేదు. ఎల్లుండి తాత బండి, ఆ మర్నాడు ఆ చివర తోస్తున్న పొడుగతని బండి, అంటూ వేళ్ళు మడుచుకుంటూ జీపు వెంట నడిచింది.