స్ప్రింగుల వెనక రేకులు

బస్సు డిపో వర్క్‌షాపులో సగం జీవితం గడిపి రిటైరైన ఆవిడను అందరూ గ్రీజక్క అనే పిలుస్తారు. ఇప్పుడు ఇంటి పక్కనే షెడ్డు వేసుకుని మోటారుసైకిళ్ళు బాగుచేస్తోంది. మడ్డికీ మసికీ ఆవిడ ఏనాడూ మొహం చిట్లించలేదు. తప్పుడు పని కనబడితే మాత్రం అసహ్యించుకుంటుంది.

ఒక ఆదివారం అల్లుడు బండి తోసుకుంటూ వచ్చాడు. తాతల కాలం నాటి మోటారుసైకిలు. మోజుపడి గ్రీజక్క తమ్ముడి దగ్గరే కొన్నాడు. వెనకాలే వచ్చిన కూతురి మొహం పాలిపోయి ఉంది.

"వంతెన ఎక్కుతుంటే ఇంజన్ గోల పెట్టింది గానీ బండి ముందుకు కదల్లేదత్తయ్యా. వెనకే లారీ. వాడు బ్రేకు తొక్కాడు కాబట్టి బతికిపోయాం."

"కొన్నప్పుడు ఎలా ఉంది బాబూ?"

"బ్రహ్మాండంగా లాగింది. మావయ్యే ఎక్కించుకుని తిప్పాడు."

గ్రీజక్క క్లచ్ లీవరు నొక్కింది. రాయిలా ఉంది. కేబుల్ బిగుసుకుందేమోనని చూసింది. లీవరుకు ఉండాల్సిన వదులు ఉంది, తప్పు కేబుల్‌ది కాదు. ముందు చక్రాన్ని గోడకు ఆనించి, స్టార్ట్ చేసి, టాప్ గేరులో వేసి క్లచ్ వదిలింది. క్లచ్ పట్టుంటే ఇంజన్ ఠక్కున ఆగిపోవాలి. సిగ్గులేకుండా తిరుగుతూనే ఉంది.

"క్లచ్ ప్లేట్లు అరిగి చచ్చాయి. మరి కొన్న రోజున ఎలా లాగిందో!"

ఆయిల్ దించితే నల్లగా, మాడు కంపు కొడుతూ కారింది. మూత విప్పి స్ప్రింగులు తీస్తుంటే, ఒక్కోదాని వెనక నుంచి గుండ్రంగా కత్తిరించిన రేకు ముక్కలు రాలాయి. అరిగిన ప్లేట్లను స్ప్రింగులు కొన్నాళ్ళు గట్టిగా అదిమిపట్టడానికి ఎవరో దూర్చారు. కొనేవాడు ఓ చుట్టు తిరిగొస్తే చాలు. ఒక ముక్కను గుడ్డతో తుడిచింది. పసుపు రంగు మీద సగం నెమలి బొమ్మ. నశ్యం డబ్బా మూత. అలాంటి డబ్బా ఆవిడ తమ్ముడి జేబులో ఎప్పుడూ ఉంటుంది.

వాంతి వచ్చే ముందు ఊరినట్టు ఆవిడ నోట్లో నీళ్ళూరాయి. వాడికి స్పానర్ పట్టడం నేర్పింది తనే.

కబురు పెడితే వచ్చాడు. కాదని కూడా అనలేదు.

"ఓ ఏడాది నెట్టుకొస్తుందనుకున్నానక్కా. బేరాల్లో ఇవన్నీ మామూలే."

"వెనక సీట్లో కూర్చునేది నీ మేనకోడలని తెలీదట్రా?"

"ఇప్పుడేం కాలేదుగా!" అని చిటికెడు నశ్యం పీల్చి, వేళ్ళు షెడ్డు తలుపుకే తుడిచాడు.

ఆ మరక చూడలేక మొహం తిప్పుకుంది. "పో. నా కళ్ళ ముందు నిలబడకు."

అతను వెళ్ళాక అల్లుడు దగ్గరికి జరిగాడు. పాపం, మోసపోయానని కుమిలిపోతున్నాడు కాబోలు అనుకుంది.

"అత్తయ్యా, ఆ రేకులు పారేయకండి. రేపు నేను అమ్మేటప్పుడు పనికొస్తాయి."

కూతురు మొగుడి వైపు పురుగును చూసినట్టు చూసింది. గ్రీజక్క రేకులన్నిటినీ అతను చూస్తుండగానే సుత్తితో నలగ్గొట్టి చెత్తలో వేసింది.

పని మాత్రం ఆపలేదు. బండి ఏం పాపం చేసింది? ప్లేట్లు కూర్చునే డ్రమ్ముకు పడిన గాట్లను ఆకురాయితో చదును చేసింది. ప్లేట్లూ స్ప్రింగులూ కొత్తవి వేసింది, ఆయిల్ మార్చింది. తనే ఎక్కి వంతెన మీదికి తీసుకెళ్ళింది. బండి నిక్షేపంగా లాగింది. సంతోషం మాత్రం రాలేదు.

తిరిగొచ్చాక, అల్లుడు చాపిన చేతిని దాటించి తాళం కూతురికిచ్చింది.

"నువ్వు నేర్చుకో. అతను వెనక కూర్చుంటాడు."

"జనం నవ్వుతారత్తయ్యా!"

"నవ్వనీండి బాబూ. మీరు గట్టిగా పట్టుకోండి."

కూతురు త్వరగానే నేర్చుకుంది. అల్లుడు వెనక సీట్లో ముడుచుకుని, తెలిసినవాళ్ళు ఎదురైతే ఫోను చూసుకుంటాడు. తమ్ముడు ఇప్పటికీ వస్తుంటాడు. గ్రీజక్క ఇంటి వాకిట్లో కుర్చీ వేస్తుంది, టీ ఇస్తుంది. షెడ్డు గడప మాత్రం తొక్కనివ్వదు.