తూటాల గది తలుపు మీద చప్పుడు

నా చిన్నప్పుడు షార్జాలో ఒక ఏడాదంతా మనుషుల ముఖాలు సగమే కనిపించేవి. ముక్కూ నోరూ మాస్కు వెనక, కళ్లు మాత్రం బయట. బడి కంప్యూటర్లోకి వెళ్లిపోయింది. లిఫ్టులో ఒకరు దగ్గితే మిగిలినవాళ్లు మధ్యలోనే దిగి మెట్లెక్కేవాళ్లు. అల్ నహ్దాలో మా బిల్డింగు కింద పొద్దస్తమానం మోగే హారన్లు కూడా నోరు మూసుకున్నాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇప్పటి పిల్లలకు ఆ సంగతులు చెబితే కోతలు కోస్తున్నానని నవ్వుతారు. నవ్వుకోనీ.

ఆ ఏడాదే మా అమ్మమ్మ పోయింది. పోయింది అనడానికి కూడా నోరు రాదు, ఎందుకంటే మేమెవరమూ చూడలేదు. ఒక మధ్యాహ్నం తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో దించారు. మా తాతను వెంట రానివ్వలేదు. పది రోజుల తర్వాత ఫోను వచ్చింది. చివరిచూపు లేదు, భుజం పట్టింది లేదు. మా తాత లెక్కలో ఆమె లిఫ్టు ఎక్కింది, ఇంకా తిరిగి రాలేదు, అంతే. చాలా రోజులు ఆయన మా తలుపుకు లోపలి గడియ వేయనివ్వలేదు.

మా తాత ఇండియాలో తుపాకులు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. రిటైరై మా దగ్గరికొచ్చాక ఊరికే కూర్చోలేక, ఊరి బయట ఎడారి రోడ్డు మీదున్న ఒక షూటింగ్ క్లబ్బులో కుదిరాడు. పోటీలకు వెళ్లేవాళ్ల పిస్టళ్లకు తూటాలు తయారుచేయడం ఆయన పని. కొన్న తూటా రెడీమేడ్ చొక్కా అని, తను చేసేది కొలత తీసుకుని కుట్టిన చొక్కా అని మీసం మెలేసేవాడు. అమ్మ ఆస్పత్రిలో నర్సు, నాన్నకు ఆఫీసు. ఇంట్లో నన్ను చూసే దిక్కు లేక, ముదీర్‌ను, అంటే క్లబ్బు మేనేజరును, బతిమాలి తాత నన్ను కూడా క్లబ్బు వ్యానులో తీసుకెళ్లేవాడు. తూటాల గదిలోకి నాకు ప్రవేశం లేదు. బయటి గదిలో కూర్చుని ట్యాబ్‌లో పాఠాలు వినడం, తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఆయన్ని చూడడం, ఇదే నా దినచర్య.

ఆ క్లబ్బంటే నాకు లోపల్లోపల భయం. నెలల తరబడి మూసి అప్పుడే తెరిచారు. వచ్చేది రోజుకు నలుగురైదుగురు. గాలి వీస్తే వసారా పొడవునా ఎవరో ఊదినట్టు మోత, గుమ్మాల కింద సన్నటి ఇసుక. వసారా చివర గురి కోసం పెట్టే అట్టలు వరసగా నిలబెట్టి ఉండేవి, మనిషి ఎత్తున, భుజాలూ తలా ఉండి ముఖం లేకుండా. బాత్రూముకు వెళ్లాలంటే వాటి ముందు నుంచే పోవాలి. నేను ఆ దారిలో ఎప్పుడూ నడవలేదు, పరుగే.

తాత పని మాత్రం చూడముచ్చటగా ఉండేది. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు కడిగి ఆరబెట్టి, మిషను పళ్లెంలో పెట్టి పిడి లాగుతాడు. లాగినప్పుడల్లా పళ్లెం ఒక మెట్టు తిరుగుతుంది. ఒకచోట గొట్టంలో తుపాకి మందు పడుతుంది, తర్వాతి చోట సీసపు గుండు కూర్చుంటుంది. పని జరుగుతున్నంతసేపూ తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. అది వెలుగుతుంటే ముదీర్ అయినా సరే తలుపు తట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఎందుకంటే పిడి సగంలో ఆగితే ఒక గొట్టంలో మందు పడకుండానే గుండు కూర్చునే ప్రమాదం ఉంది. అందుకే ఏ కారణంగా చెయ్యి ఆగినా, పళ్లెం మీదున్నవన్నీ తీసి పక్కనున్న ఎర్ర గిన్నెలో వేసి మళ్లీ మొదలుపెట్టడం ఆయన నియమం. తుమ్మొచ్చినా గిన్నె నిండేది.

మందు లేని తూటా పేలదు కదా, భయమేమిటని ఒకసారి అడిగాను. పెద్ద చప్పుడుకు కాదు, చిన్న చప్పుడుకు భయపడాలి అన్నాడు తాత. మందు లేకపోతే అడుగునున్న నిప్పు బిళ్ల ఒక్కటే టుప్పుమని, గుండు పిస్టల్ గొట్టంలో సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. పోటీలో వేగం మీదున్నవాళ్లు అది గమనించకుండా వెంటనే ఇంకోటి పేలిస్తే పిస్టలే చేతిలో పగులుతుంది. అలా మూడు వేళ్లు మిగిలిన ఒక మనిషిని ఆయన చూశాడట.

ఇక జరిగింది చెబుతాను. ఆ రోజు క్లాసు తొందరగా అయిపోయింది. నాకు ఆకలి. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. అమ్మమ్మ బంగారు గాజు ఒకటి, లోపల దారం చుట్టి బిగువు చేసినది, నా చేతికుండేది. అమ్మమ్మ ఉన్న రోజుల్లో తాత బాల్కనీలో ఏదో ఒకటి విప్పుకుని కూర్చుంటే పిలుపు చెవికెక్కేది కాదు. ఆమె ఆ గాజుతో బాల్కనీ అద్దం మీద మూడుసార్లు కొట్టేది. అన్నం పెట్టాను రమ్మని దానర్థం. నేను కూడా తలుపు అద్దం మీద అలా కొట్టి పిలుద్దామనుకున్నాను. ఆయన్ని ఏడిపించాలని కాదు, ఒట్టు. నన్ను చూసి నవ్వుతాడనుకున్నాను.

టింగ్. టింగ్. మూడోది కొట్టబోతూ చూశాను. పిడి సగంలో ఆగిపోయింది. తాత తల తిప్పాడు. ఆయన చూసింది నన్ను కాదు. నా తలకు బాగా పైన, పెద్ద మనిషి ముఖం ఉండే ఎత్తున చూస్తున్నాడు. నేను గభాలున కిందికి కూలబడ్డాను.

"వస్తున్ననే," అన్నాడు లోపల. చాలా మెత్తగా.

నా వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. వసారా చివర ముఖాల్లేని అట్టలు తప్ప ఎవరూ లేరు. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్లీ పిడి కదిలిన శబ్దం. మెల్లగా లేచి అద్దంలోంచి చూశాను. తాత పని చేసుకుంటున్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి. ఎర్ర గిన్నె ఖాళీగా ఉంది. పళ్లెం మీదున్నవి ఆయన తీయలేదు.

ఆ మధ్యాహ్నం తాత కడుపునిండా తిన్నాడు. నెలల తర్వాత మొదటిసారి. పప్పు బాగుందన్నాడు, నా జడ లాగి ఏడిపించాడు, ఏదో గుర్తొచ్చి నవ్వాడు. డబ్బా మూతలో ఒక ముద్ద కలిపి పక్కన పెట్టాడు. అది ఎవరికో నేను అడగలేదు. గిన్నె సంగతి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే చప్పుడు నాదేనని చెప్పాలి. అప్పుడు ఆయన నవ్వు ఏమవుతుంది? తిట్లకు భయపడ్డానని అనుకోకండి. తిట్లు నాకు అలవాటే. ఆ నవ్వుకు భయపడ్డాను.

మూడు గంటలకు మా పక్కింటి అక్క వచ్చింది. విజయవాడ పిల్ల, పళ్ల డాక్టరు, సెలవు దొరికితే పిస్టలే లోకం. రెండు వారాల్లో పోటీ ఉంది. నొప్పి తెలియకుండా నా పాలపన్ను తీసిన చేతులు ఆమెవి. తాత ఆ రోజు చేసిన యాభై తూటాల పెట్టెను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చెవులకు మఫ్‌లు తగిలించుకుని, నాకు కన్నుగీటి, గోడ అవతలికి వెళ్లిపోయింది.

మొదటి దెబ్బ నుంచే వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ధన్. పెద్దదే. రెండు. మూడు. ఒక్కోటి పేలి గోడ అదిరినప్పుడల్లా అమ్మయ్య అనుకునేదాన్ని, వెంటనే తర్వాతిదాని కోసం ఊపిరి బిగబట్టేదాన్ని. మధ్యమధ్యలో ఆమె ఆగితే ఆ నిశ్శబ్దం చప్పుడుకంటే ఘోరంగా ఉండేది. టుప్పుమని చిన్నగా మోగిందేమో, నాకే వినపడలేదేమో! ఇంకొక్కటి చూసి చెబుదాం, ఇంకొక్కటి చూసి చెబుదాం అనుకుంటూ పద్దెనిమిది లెక్కపెట్టాను. అప్పుడు కాళ్లు వాటంతటవే లేచాయి.

తాత మళ్లీ పనిలో ఉన్నాడు, తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. తలుపు తోసేశాను. "తాతా, గాజు కొట్టింది నేనే. నువ్వు గిన్నెల వెయ్యలే," అన్నాను.

ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. అది ఎంతసేపో కాదు, రెప్పపాటు. మరుక్షణం ముసలాయన కాదు, కుర్రాడిలా ఉరికాడు. గోడ మీది గంట నొక్కి, "ఖలాస్! ఆపెయ్! పిస్టల్ కింద పెట్టు తల్లీ!" అని వసారా దద్దరిల్లేలా అరిచాడు. ఆ తర్వాత ఒక్క చప్పుడు కూడా వినిపించలేదు.

మిగిలిన ముప్పై రెండు తూటాలనూ తాత ఒక్కొక్కటిగా విప్పాడు. అక్క పక్కనే నిలబడింది. నేను తలుపు బయటే. విప్పిన ప్రతిదాంట్లోంచీ చిటికెడు బూడిదరంగు మందు కాగితం మీద రాలుతోంది. పదకొండోది విప్పి వంచితే ఏమీ రాలలేదు. తట్టాడు. ఏమీ లేదు. అక్క తన కుడిచేతిని చూసుకుని, వేళ్లు ఒకసారి ముడిచి మళ్లీ చాపింది. తాత రెండు చేతులూ జోడించాడు. "అయ్యో, అలా చేయకండి తాతగారూ," అని ఆమె ఏడ్చేసింది.

వ్యానులో మేమిద్దరమే వెనక కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక, నేను ఎన్నిసార్లు కొట్టానో అడిగాడు. రెండుసార్లేనని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాకు మూడు ఇనవడ్డయి," అన్నాడు.

నేను రెండే కొట్టాను. ఈ రోజు కూడా అదే చెబుతాను. దాని గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాసేపటికి, అన్నం తినేటప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"నువ్వు నవ్వినవ్ గద తాతా."

"నా నవ్వు కోసం అక్క చెయ్యి పెడ్తవా బిడ్డా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నేను గూడ గదే చేసిన. మీ అమ్మమ్మ వచ్చిందనుకున్న. గిన్నెల వేస్తే పోతదేమో అనిపించింది," అన్నాడు.

మర్నాడు తనే ముదీర్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పి, ఆ కుర్చీ వదులుకున్నాడు. తన చెవి ఇంకో దిక్కు తిరిగి ఉందని, అలాంటి మనిషి ఆ పని చేయకూడదని అన్నాడట. ఆ తర్వాత ఆయన అంతగా నవ్వడం నేను చూడలేదు. నా వల్లే పోయిందా నవ్వు అని ఎన్నో ఏళ్లు కుమిలాను. అక్క మాత్రం ఆ చేతులతో ఇంకెన్ని పళ్లు తీసిందో!

నా పెళ్లయిన చాలా ఏళ్లకు, మా ఆయన రిపోర్టుల సంగతి డాక్టరు ముందుగా నా చెవిన వేశాడు. పండగ పోనివ్వు, నిదానంగా చెబుదువుగానీ అన్నారు ఫోనులో మావాళ్లందరూ. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన పిల్లలతో భోజనానికి కూర్చుని దేనికో పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వంటే నాకు ప్రాణం. చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చుని, పిల్లల్ని గదిలోకి పంపించి, చెప్పేశాను. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. వారం తిరిగేలోపే చికిత్స మొదలైంది. ఆయన మళ్లీ అలా నవ్వడానికి రెండేళ్లు పట్టింది, నేను పక్కనే ఉండి చూశాను.