లోపల గడియ ఉన్న గది

దేవుడు ఈ లోకాన్ని తయారుచేసే ముందు మా తాతయ్యని ఒక్క మాట అడిగి ఉంటే భూమ్మీద ఇంత ఇరుకు ఉండేది కాదు. సముద్రాలు కాస్త వెనక్కి జరిగేవి, కొండలు లోపలికి సర్దుకునేవి, ఫుట్‌బోర్డు మీద ఎవరూ వేలాడేవాళ్ళు కాదు.

తాతయ్య సిటీ బస్సు కండక్టరు. ఉద్యోగం మానేసి చాలాకాలమైంది గానీ ఆ సంగతి ఆయన గొంతుకి ఇంకా ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే బాత్‌రూం ముందు మేం గుమిగూడితే "దిగేవాళ్ళని దిగనివ్వండి!" అని అరుస్తాడు. భోజనాల దగ్గర "జరగండి, లోపల ఖాళీ ఉంది" అంటాడు. మెడలో ఈల ఇప్పటికీ ఉంది. ఓసారి నిద్రలో ఊదితే నాయనమ్మ ఉలిక్కిపడి లేచి "స్టాపొచ్చిందా?" అని అడిగిందని బాబాయి చెబుతాడు. బాబాయి మాటలు సగమే నమ్మాలి.

మా పాత ఇల్లూ బస్సులాంటిదే, కాకపోతే ఎక్కేవాళ్ళే గానీ దిగేవాళ్ళు లేరు. హాలు, వంటిల్లు, ఒక పడగ్గది. వానలకి ఉబ్బిపోయి వాటి తలుపులు సరిగ్గా పడవు. వీధి గది ఒక్కదానికే గట్టి తలుపు, లోపల గడియ. అది తాతయ్యది. అందులో ఆయన మంచం, తోలు సంచి, హ్యాంగరుకి యూనిఫాం, విరిగిన కుర్చీలు దర్జాగా కాపురం చేస్తుండేవి.

"కాసేపు తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చోవాలని ఉంది" అని అమ్మ అప్పుడప్పుడూ అనేది. అదేమంత పెద్ద కోరిక కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు. చివరికి నాన్న విన్నాడు. విని, తనకి తోచినట్టు అర్థం చేసుకుని, పాత ఇల్లు అమ్మేసి కొత్తగా కట్టిన ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొందామన్నాడు. ఇల్లు తాతయ్య పేరు మీద ఉంది. ఆయన ఊ అంటే వెళ్ళడం, ఊహూ అంటే ఉండిపోవడం.

"అందరూ పదండి," అన్నాడు తాతయ్య. "ఖాళీ బస్సు ఎవడికైనా బాగానే కనిపిస్తుంది. జనాన్ని ఎక్కించి చూడాలి."

ఆదివారం అందరం బయల్దేరాం. అక్కడి లిఫ్టు చుట్టూ అద్దాలే. తాతయ్య అలవాటుకొద్దీ తలుపు దగ్గర నిలబడి, ఎక్కబోయిన ఓ పెద్దమనిషిని చేత్తో ఆపి "నిండిపోయింది, తర్వాతి దాంట్లో రండి" అన్నాడు. ఆ బిల్డింగు ఆయనదేనట, తర్వాత తెలిసింది.

ఫ్లాటు మాత్రం అదిరింది. నేల మెరుపు చూసి తడిగా ఉందేమోనని నాయనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుంది. వంటింటికి గోడ లేదు. బాత్‌రూంకి గాజు గోడ. బాబాయి అందులోకి వెళ్ళి మాకు చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం.

"ఇందులో స్నానం చేస్తే టికెట్లు కొట్టొచ్చు," అన్నాడు తాతయ్య.

"బటన్ నొక్కితే గాజు తెల్లబడిపోతుంది అంకుల్," అంది ఫ్లాటు చూపిస్తున్న అమ్మాయి.

"కరెంటు పోతే?"

ఆ అమ్మాయి నవ్వింది. తాతయ్య నవ్వలేదు. పడగ్గది తలుపు పైనుంచి కిందదాకా తడిమి "గడియేదీ?" అన్నాడు.

"ఫోన్‌తోనే అంకుల్ అంతా. ఇంట్లో ఎవరి ఫోన్‌తోనైనా తెరుచుకుంటుంది."

నాన్న మురిసిపోయాడు. అమ్మ గడియ ఉండాల్సిన చోట వేలితో రాసి చూసింది.

తాతయ్య ఈల తీశాడు. "ఇప్పుడు పొద్దున్న అయిందనుకోండి. చిన్నోడా, నువ్వు బాత్‌రూం. పెద్దోడా, నువ్వు టేబులు. మీ నాయనమ్మ బాల్కనీ. బుడ్డోడు అద్దం ముందు తల దువ్వుకుంటాడు. నువ్వు పోయిన సాక్సులు వెతుకు. చదువుకన్నా నీకు అదే బాగా వచ్చు." చిన్నోడంటే బాబాయి, పెద్దోడంటే నాన్న, బుడ్డోడు మా తమ్ముడు. ఆ చివరి మాట నన్నే.

ఈల మోగింది. అందరం పరుగెత్తాం. ఎవరూ ఎవరికీ తగల్లేదు. అదే మా ఇంట్లో అయితే ఈపాటికి రెండు తగాదాలు అయిపోయేవి. తాతయ్య మొహం వెలిగిపోయింది. "రైట్!" అన్నాడు. అడ్వాన్సు కోసం నాన్న చెయ్యి జేబులోకి వెళ్ళింది.

కండక్టరు రైట్ అన్నాక ఊరుకోడు, తలలు లెక్కపెడతాడు. తాతయ్య వెనక నుంచి ముందుకి లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. "ఒకరు తగ్గారు. ఎవరు దిగిపోయింది?"

అమ్మ లేదు.

"కోడల్ని ఎక్కడ నిలబెట్టాను?" అని అడిగాడు. ఎవరికీ గుర్తు లేదు. గుర్తుండడానికి ఆమెకి చోటు ఇస్తేగా! "అమ్మ అన్నిచోట్లా ఉంటుంది కదా," అన్నాను నేను. నాయనమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది.

వెతకగా వెతకగా వంటింటి వెనక ఓ చిన్న చెక్క తలుపు కనిపించింది. లోపల గడియ పెట్టి ఉంది.

"అది పనివాళ్ళ గది అంకుల్. మేం చూపించం," అంది ఆ అమ్మాయి.

తాతయ్య మెల్లగా తట్టాడు. "అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నాను మావయ్యా."

"ఏం చేస్తున్నావ్?"

"ఏం చెయ్యట్లేదు." ఆ గొంతులో అంత తీరిక మేమెప్పుడూ వినలేదు. "ఇంకాసేపు ఉండనా?"

"బయటికి రా, వాళ్ళంతా చూస్తున్నారు!" అన్నాడు నాన్న.

"దిగేవాళ్ళు దిగేదాకా ఆగరా," అని తాతయ్య ఆ మెరిసే నేల మీదే చతికిలబడ్డాడు. మేమూ కూర్చున్నాం. బిల్డింగు పెద్దమనిషి వచ్చి, మమ్మల్ని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అమ్మ బయటికొచ్చింది. మొహం అప్పుడే కడుక్కున్నట్టుంది. "ఫ్లాటు బాగుంది మావయ్యా. ఈ గది ఇంకా బాగుంది."

తాతయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి, ఫ్లాటు చూపిస్తున్న అమ్మాయి వైపు తిరిగాడు. "తల్లీ, నీ ఫ్లాటు ఫోటోలకి బంగారం. ఇంత ఇంట్లో గడియ ఉన్న తలుపు ఒక్కటే, అదీ మీరు చూపించనిది. మా జనానికి కుదరదు."

"తన కోసమే కదా నాన్నా ఇదంతా!"

"అడిగావా?"

నాన్న చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది.

"నేనూ అడగలేదులే," అన్నాడు తాతయ్య. "సర్వీసంతా ఆడవాళ్ళ సీట్ల కోసం మగాళ్ళతో పోట్లాడినవాణ్ణి. ఇంట్లో మనిషిని మాత్రం నిలబెట్టేశాను."

ఆ సాయంత్రమే వీధి గది ఖాళీ అయింది. విరిగిన కుర్చీల దగ్గర మాత్రం పెద్ద గొడవ జరిగింది. "దీనికి ఒక్క కాలే పోయింది, మిగతావి దుక్కల్లా ఉన్నాయి!" అని తాతయ్య అడ్డం పడ్డాడు. నాయనమ్మ గెలిచింది. ఇప్పుడు ఆయన మంచం హాల్లో, అందరి కాళ్ళకీ అడ్డంగా ఉంది. తట్టుకుని పడితే మమ్మల్నే తిడతాడు. అమ్మ మధ్యాహ్నం లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటుంది. ఏం చేస్తుందో తెలీదు. తమ్ముడు చెవి పెట్టి విన్నాడు, ఏమీ వినపడలేదట.

ఇదంతా రాసి, దేవుడి దగ్గర్నుంచి కుర్చీల దాకా, వీధి గది గుమ్మంలో కూర్చుని తాతయ్యకి గట్టిగా చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పొంగిపోతున్నాడనుకున్నాను.

"ఎలా ఉంది తాతయ్యా?"

"గొంతు తగ్గించి పక్కకి జరుగు. మీ అమ్మ తలుపుకి అడ్డంగా కూర్చున్నావ్."