అల్లవరం అటక

ఇన్నేళ్లయినా కురిడీకాయ చప్పుడు వింటే నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఎందుకో మా ఇంట్లో కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

కొబ్బరికాయల్ని ఏడాది దగ్గర దగ్గర అటక మీద ఉంచితే లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి గుండులా విడిపోతుంది. చెవి దగ్గర ఊపితే కదులుతుంది. అదే కురిడీ. అమలాపురంలో మా పక్కింటి రత్నం పిన్నిగారికి ఆ అటక తప్ప ఆధారం లేదు. భర్త పోయారు, పిల్లలు లేరు.

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. రెండు వేల ఎనిమిదిలో నూనె, ఇనుము, గోధుమ, అన్నీ మండిపోతున్నాయి. చైనాలోనూ మన దేశంలోనూ కోట్లమంది చేతిలో డబ్బు ఆడుతోంది, కడుపునిండా తింటున్నారు, ఇళ్లు కడుతున్నారు, ధరలు ఇక దిగవు అని క్లాసులోనూ అరుగుల మీదా చెప్పేవాణ్ణి. పిల్లలు నాకు చైనా మాస్టారని పేరు పెట్టారు. లోలోపల మురిసిపోయాను.

ఆ శ్రావణంలో ఒక పొద్దున పేపరు చూశాను. పామాయిల్ ధర వరసగా పడుతోంది. పామాయిల్ పడితే కొబ్బరి నిలబడదు. వెంటనే వ్యాపారికి ఫోన్ చేశాను. మా కాయలు అల్లవరంలో మామగారి అటక మీద ఉన్నాయి, సాయంత్రానికి వ్యాను పంపమన్నాను. ఫోన్ పెట్టేశాక పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు. కళ్లలో నీటికాసులట, చూపు పోతుంది, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని కాకినాడ డాక్టరు చెప్పారట.

"కాయలు అమ్మేయమంటారా మాస్టారూ?"

ఆవిడ కాయలు కూడా ఆ రోజే దిగితే వ్యాపారికి అనుమానం వస్తుంది, నా ధర కోస్తాడు. నా మనసులో ఉన్నది అదొక్కటే.

"తొందరేముందండీ పిన్నిగారూ. దసరా దాకా ఆగండి, ఇంకా పెరుగుతుంది."

"ఆయ్. చదువుకున్నవారు, మీకు తెలీదేటండీ."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. దసరాకి ధర సగానికి దిగింది. ఆ డబ్బు ఆపరేషన్‌కి చాలదని, మళ్లీ పెరుగుతుందని ఆవిడ ఆగారు. నేను ఇవ్వలేనా? ఇవ్వగలను. ఎందుకిచ్చావని, ఆ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆ భయంతోనే ఊరుకున్నాను. మాఘంలో కాకినాడ వెళ్లేసరికి, పోయిన చూపు రాదన్నారు.

అప్పుడు ఆవిడే నన్ను ఓదార్చారు. పాపం మీ కాయలూ ఉండిపోయేయి కదా, ధర మన చేతిలో ఉంటుందా అన్నారు. మావి శ్రావణంలోనే మంచి ధరకి అమ్ముడైపోయినా, ఆయ్ అన్నాను. ఎందుకన్నాను? మొదటిది ఆశ అనుకుందాం. ఇది ఏమిటి?

ధర పడడం నా తప్పు కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే. కానీ పడుతుందని తెలిసే ఆవిడను ఆపాను.

ఇప్పుడు ఊళ్లోవాళ్లు కురిడీలు తెచ్చి ఆవిడ ముందు పోస్తారు. చెవితోనే ఏరతారు, అంత గట్టివాళ్లు లేరు. నిన్న నా అడుగు గుర్తుపట్టి, ఒక కాయ ఊపి నా చేతికిచ్చారు. ఎండింది కదండీ మాస్టారూ అని అడిగారు.

ఎండిందండీ అన్నాను. ఆ ఉదయం తర్వాత కాయల గురించి ఆవిడకు నేను చెప్పిన నిజం అదొక్కటే. మిగతాది మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. ఆవిడకు మాత్రం ఇంకా చెప్పలేదు.