మేస్త్రి గారి సొంత లీకు

గోడకు చెమ్మ పట్టిందంటే చాలు, ఆ చుట్టుపక్కల వీధులవాళ్ళంతా పైపుల మేస్త్రికే కబురు పెట్టేవాళ్ళు. ఆయన వచ్చి, అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. "తడి కనబడ్డ చోటల్లా పగలగొట్టేవాడు మేస్త్రి కాదండీ, ఉత్త సుత్తి. నీళ్ళు ఎక్కడో కారి ఇంకెక్కడో తేలతాయి," అనేవాడు. ఈ మాట చెప్పకుండా ఏ ఇంటి గడపా దాటలేదు.

అలాంటివాడి నుదురే కారడం మొదలైంది.

చక్కెర జబ్బు చాలా ఏళ్ళుగా ఉన్నదే. పొద్దున మాత్ర వేసుకోవడం, ఆ తర్వాత దాని ఊసే మర్చిపోవడం, అంతవరకే ఆయనకీ దానికీ స్నేహం. కొత్త తంటా ఏమిటంటే, భోజనానికి కూర్చుని రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేసరికి నెత్తిన ఎవరో చెంబెడు నీళ్ళు గుమ్మరించినట్టు చెమట. కూర చప్పగా ఉన్నా అంతే. పాదాల్లో మాత్రం చుక్క తడి లేదు. మడమలు బీటలు వారి గరుకు కాగితంలా తయారయ్యాయి.

"మన మేడ మీద వరద, కింద కరువు," అని భార్యతో నవ్వేవాడు.

"నవ్వింది చాలు గానీ, డాక్టరమ్మకి చూపించుకోండి," అనేది ఆవిడ.

"ఊరందరి లీకులూ కట్టేవాణ్ణి, నా లీకుకి ఇంకో మేస్త్రినా? పరువు పోదూ!"

కూతురి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ వేళాకోళం పనిచేయలేదు. ఆ పిల్ల ఉద్యోగం మానేసి బస్టాండు ఎదురుగా చిన్న భోజనశాల తెరిచింది. అందులో పైపులన్నీ తండ్రే వేశాడు. తిండి మాత్రం ఒక్క ముద్ద ముట్టలేదు. యజమానురాలి కన్నతండ్రే పళ్ళెం ముందు నిలువునా కారిపోతుంటే, వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోతారని ఆయన భయం. అందుకని పగటి భోజనమే మానేశాడు. "ఆకలి లేదమ్మా," అని ఒక రోజు, "ఇప్పుడే తినొచ్చానమ్మా," అని ఒక రోజు. ఏ రోజు ఏ అబద్ధం చెప్పాడో గుర్తుపెట్టుకోవడం పైపుల కొలతలకన్నా కష్టమైపోయింది.

చివరికి ఆ పిల్ల అడిగేసింది. "నా వంట అంత ఘోరంగా ఉందా నాన్నా? ఉంటే మొహం మీదే చెప్పు. నువ్వే తినని చోట ఊళ్ళోవాళ్ళెందుకు తింటారు?"

"అబ్బే, అదేం కాదమ్మా."

"మరేంటి?"

ఆయన సంచిలోంచి పానా తీసి తుడవసాగాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

ఆ మధ్యాహ్నమే భోజనశాలలో సింకు కింద పైపు ఊడింది. మేస్త్రి దూరి నట్టు బిగిస్తుంటే ఒళ్ళంతా చెమట పట్టింది. మెతుకు తినకుండానే! పైగా ఈ చెమట చల్లగా ఉంది. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. నట్టు రెండుగా కనిపించింది. ఆ రెండింట్లో లేని నట్టునే ఎంచుకుని శ్రద్ధగా బిగించాడు.

"నాన్నా, చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?" కూతురు ఆయన్ని బయటికి లాగి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళు తాగించింది. కాసేపటికి నట్టు మళ్ళీ ఒకటైంది. ఆ వెంటనే కాస్త తినిపించి, డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. అక్కడ ఆయన అబద్ధాలన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"చక్కెర ఏళ్ళ తరబడి అదుపు తప్పితే చెమటని నడిపే నరాలు దెబ్బతింటాయి," అంది డాక్టరమ్మ. "తినేటప్పుడు మొహం కారడం, పాదాలు ఎండిపోవడం దానివల్లే. ఇవాళ్టి చెమట వేరు. మీ మాత్ర వేసుకుని తిండి ఎగ్గొడితే చక్కెర పడిపోతుంది. ఆ చల్లచెమట, వణుకు దానికే. ఒక చెమటని దాచబోయి ఇంకో చెమటని ఇంటికి పిలిచారు."

మేస్త్రి తల గోక్కున్నాడు. "అంటే తడి కనబడ్డ చోటే పగలగొట్టానన్నమాట."

"అంతే. మా బాత్రూము బాగు చేసినప్పుడు మాకూ చెప్పారుగా ఆ మాట."

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పట్నుంచి మేస్త్రి పనిసంచిలో వాషర్ల పక్కనే గ్లూకోజు బిళ్ళలూ ఉంటున్నాయి. చల్లచెమట పడితే పని ఆపి మీటరుతో చక్కెర చూసుకోవాలి, మీటరు దగ్గర లేకపోతే ముందు బిళ్ళ నోట్లో పడాలి. ఒకసారి తొందరలో బిళ్ళని కుళాయికి బిగించబోయాడు. రాత్రిపూట భార్య క్రీము ఇస్తే, వేళ్ళ సందులు వదిలేసి పాదాలకి రాసుకుంటాడు. చెప్పుల్లేకుండా గుమ్మం దిగడు. తిండివేళ చెమట తగ్గకపోతే మొహానికి పూసుకునే మందు ఉందని డాక్టరమ్మ చెప్పింది గానీ, ముందు చక్కెరని దారిలో పెట్టమంది.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళొచ్చిన మర్నాడే భోజనశాలలో గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండో ముద్దకే వరద మొదలైంది. లోపలికి రాబోతున్న ఒకాయన ఆగిపోయాడు. "కారం బాగా దట్టించినట్టున్నారే?"

"కారం కాదు బాబూ, నాది పాత ఫిట్టింగు," అన్నాడు మేస్త్రి మెడ తుడుచుకుంటూ. "మీరు నిశ్చింతగా కూర్చోండి."

వచ్చినాయన కూర్చున్నాడు. కూతురు తండ్రి పక్కనే నిలబడింది, గరిటె చేత్తో పట్టుకుని.

"ఎలా ఉంది నాన్నా?"

మేస్త్రి ఇంకో ముద్ద తిన్నాడు. నిదానంగా నమిలాడు. "ఉప్పు తక్కువైందమ్మా."

"ఇన్నాళ్ళకి తిని ఆ మాటా అనేది!"

"మొహం మీదే చెప్పమన్నావుగా!"

ఆ పిల్ల రుసరుసలాడుతూ లోపలికెళ్ళి ఒక చేత్తో ఉప్పు డబ్బా, ఇంకో చేత్తో పెద్ద తువ్వాలు తెచ్చింది.