స్కోపులో సాలీడు దారం

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్న ఉప్మాలోకి అల్లం తరుగుతుంటే ఫోను ఆగకుండా టింగు టింగుమంది. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు వరసపెట్టి పదకొండు బొమ్మలు పంపింది. ఈ మధ్య అక్కడ రైఫిల్ క్లబ్బులో చేరిందిలెండి. తుపాకీ మీద దుర్భిణిలా బిగించే స్కోపు కొనుక్కోవాలట. స్కోపులోంచి చూస్తే గురి పెట్టడానికి లోపల గీతలు కనిపిస్తాయి కదా, వాటిని రెటికిల్ అంటారు. అవి ఎలాంటివి కావాలో ముందే తేల్చుకుని తెప్పించుకోవాలి. "నానమ్మా, వీటిలో ఏది తీసుకోను? నువ్వు చెప్పాకే ఆర్డరు పెడతాను" అని కింద రాసింది. ఒకటి ఉత్త కూడిక గుర్తు. ఒకటి అంచుల్లో లావుగా మొదలై మధ్యకొచ్చేసరికి సన్నబడింది. ఒకదాని మీద పూసలు గుచ్చినట్టు చుక్కలు. ఇంకొకటి సరుగుడు చెట్టులా కిందికి పోనుపోను కొమ్మలు విరబోసుకుని, ప్రతి కొమ్మకీ ఓ అంకె తగిలించుకుని ఉంది. కొన్నిటి కింద వేటకి అనీ, కొన్నిటి కింద టార్గెట్టుకి అనీ రాసి ఉంది. మా వైపు వేట అంటే గోదాట్లో వల వేయడమే, దానికి ఏ గీతలూ అక్కర్లేదు. రెండు వేళ్ళతో ఎంత పెద్దవి చేసి చూసినా నాకు మాత్రం అన్నీ పాలగ్లాసులో పడ్డ వెంట్రుకల్లాగే కనిపించాయి. ఈలోగా పోపు మాడింది.

ఇంటిల్లిపాదిలోనూ నన్నే ఎందుకు అడిగిందంటే, దానికి కారణం మా మావయ్యగారు, అంటే మా వారి నాన్నగారు. ఆయన రాజమండ్రిలో ఓ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు, ఎన్‌సీసీ ఆఫీసరు కూడా. వారమంతా సుద్దముక్క పొడితో తిరిగే మనిషి ఆదివారం వచ్చేసరికి ఖాకీ బట్టలు తొడుక్కుని సైకిలెక్కి ఊరి చివర పాత ఇటికల బట్టీ పక్కనున్న రైఫిల్ క్లబ్బుకి పోయేవారు. క్లబ్బంటే ఏదో అనుకునేరు, ఓ రేకుల షెడ్డు, యాభై మీటర్ల అవతల మట్టి గట్టు, దాని ముందు అట్ట టార్గెట్లు, అందరికీ కలిపి ఒకటే రైఫిలు. రైఫిలు క్లబ్బుది, దాని మీది స్కోపు మాత్రం మాది. షెడ్డులో ఓ చెక్క బోర్డు ఉండేది. ఏటా జరిగే పోటీలో మొదటొచ్చినవాళ్ళ పేరు దాని మీద తెల్ల పెయింటుతో రాసేవారు. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తే దాదాపు అంతటా మావయ్యగారి పేరే. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఓ ఆదివారం టిఫిన్ కేరియరు పట్టుకెళ్తే, "ఓసారి చూడమ్మాయ్" అన్నారు. కొంగు బొడ్లో దోపుకుని గోనెపట్టా మీద బోర్లా పడుకున్నాను. పది గుళ్ళలో ఆరు అట్టకి తగిలాయి. ఆ తరవాత ఆదివారాలు కేరియరు మోసే పని మా వారికి పడింది.

ఆ స్కోపు మావయ్యగారి నాన్నగారిది. వేట మీద నిషేధం రాకముందు ఆయన ఏజెన్సీ కొండల్లో అడవిపందుల్ని కొట్టేవారట. అందుకని లోపల సన్న గీతలు లేవు, కింద నుంచి మేకులా పైకి లేచిన ఒక లావుపాటి ముల్లు ఉండేది. చీకటి పడే వేళ పొదలో నల్లటి జంతువు మీద సన్న గీత పెడితే గీతే కలిసిపోతుంది, ముల్లయితే అప్పుడు కూడా కనిపిస్తుంది. కానీ అట్ట మీద నల్లచుక్కకి గురి పెట్టేటప్పుడు ఆ ముల్లు చుక్కలో సగాన్ని మింగేసేది. "వేటగాడికి పంది దొరికితే చాలమ్మాయ్, మనకి పంది మీద ఫలానా వెంట్రుక కావాలి" అని మావయ్యగారు నవ్వేవారు. ఆ ముల్లుతోనే అన్నేళ్ళు నెగ్గారంటే ఆయన చెయ్యి ఎంత గట్టిదో చూడండి.

ఓ సాయంత్రం వరండాలో చొక్కా గుండీ కుట్టుకుందామని ఆయన సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడుతున్నారు. నేను తీసుకుని ఒక్క ఊపులో ఎక్కించి ఇచ్చాను. ఆయన సూదిని కాక నన్ను కాసేపు చూశారు. కుడికంట్లో శుక్లం దిగిందని అప్పుడే చెప్పారు. అది ముదిరితే గానీ ఆపరేషన్ చేయరట, ఆ రోజుల్లో పద్ధతి అది. నెలన్నరలో పోటీ ఉంది, తనకి అదే ఆఖరిదని అప్పటికే అందరితో అనేశారు. బోర్డు మీద ఆయన పేరు ఇంకొక్కసారి పడితే చూడాలని క్లబ్బంతా కాచుకుని ఉంది. లావు ముల్లయితే ఆ కంటికి ఇంకా ఆనుతుంది. కానీ ఆయన మర్నాడే స్కోపు విప్పి, ముల్లున్న ఇత్తడి ఉంగరాన్ని బయటికి తీసి దూదిలో చుట్టి ఖాళీ పొడుం డబ్బాలో పెట్టేశారు. దాని జాగాలో సన్న దారాలు బిగిస్తానన్నారు. "ముల్లే ఉంచండి మావయ్యగారూ, మీకు కనిపించదు" అన్నాను. "నా కన్ను ఇంకెన్నాళ్ళు? నీ కన్ను ఇప్పుడేగా మొదలైంది" అని ఉంగరాన్ని దీపం దగ్గర పెట్టి తుడవడం మొదలెట్టారు. ఉన్నది ఒకటే స్కోపు. ఆయనకో గీత, నాకో గీత కుదరదు.

దారమంటే మామూలు దారం కాదు, సాలీడుది. పాత సర్వే పనిముట్లలో అదే వాడేవారట. మూలన వేలాడే బూజు పనికిరాదు, దుమ్ము పట్టి ఉంటుంది, బతికున్న సాలీడు నుంచి అప్పటికప్పుడు తీయాల్సిందే. పెరట్లో జామచెట్టు మీది సాలీడుని పుల్ల మీదికి ఎక్కించి, పుల్లని చిన్నగా తట్టేవారు. అది దారం వదులుకుంటూ కిందికి జారేది. ఆ దారాన్ని పంగలా వంచిన తీగకి చుట్టుకునేవారు. అత్తయ్యగారు చేతిలో బూజుకర్రతో అదంతా చూసి, "లోకంలో మామగార్లు కోడళ్ళకి గొలుసులు చేయిస్తారు, మన ఇంట్లో ఇదీ వైభోగం" అన్నారు. నా తల వెంట్రుక ఒకటి తెంపి పక్కన పెట్టి చూశాను. దాని ముందు వెంట్రుక పడవ కట్టే మోకులా ఉంది. ఓ పురుగు కడుపులోంచి ఇంత తిన్నని, ఇంత నున్నని గీత వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

మొదటిసారి మధ్యాహ్నం పొయ్యి పక్కన పొడిగా ఉన్నచోట కూర్చుని బిగించాం. మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, రెండు దారాలూ తడిబట్టలు ఆరేసిన దండెంలా కిందికి సాగి ఉన్నాయి. బయట గోదారి మీంచి మంచు కమ్ముకుని ఉంది. చెప్తే మావయ్యగారు నుదురు కొట్టుకుని నవ్వారు. "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, మన ఊళ్ళో గాలి సగం నీళ్ళేనన్న సంగతి మరిచిపోయాను." పొడిలో బిగిస్తే తడికి సాగుతుంది, అందుకని తడిలోనే బిగించాలి. ఈసారి తెల్లవారుతూనే తలుపులన్నీ తీసి, మంచుని ఇంట్లోకి రానిచ్చి, అత్తయ్యగారి ఇడ్లీపాత్ర ఆవిరి మీద దారాన్ని ఓసారి తిప్పారు. ఉంగరం అంచున నాలుగు సన్న గాట్లు. వాటిలో దారం పడాలి. చేతులు ఆయనవి, కళ్ళు నావి. "కొంచెం ఎడమకి మావయ్యగారూ... ఇంకా... ఆగండి, పడింది." ఆయన చేతులు రాతిలా కదలకుండా నిలబడ్డాయి. తనకి కనిపించని దాన్ని, నా మాట మీద, ఆయన అక్కడ పెట్టారు. అంటించడానికి లక్క అయిపోతే నా గోళ్ళరంగు వాడాం. సాలీడుని ఆయనే తీసుకెళ్ళి జామచెట్టు మీద వదిలారు. మాట అన్నారే గానీ అత్తయ్యగారు ఆ తరవాత ఎన్ని పండగలొచ్చినా ఆ చెట్టు వైపు బూజుకర్ర తీసుకెళ్ళలేదు.

పోటీ రోజున మొదటి వంతు ఆయనది. పది గుళ్ళూ తాపీగా కాల్చి లేచారు. అట్ట తెచ్చి చూస్తే పదీ దాని మీదే ఉన్నాయి, కానీ అరచెయ్యంత మేర చెదిరి ఉన్నాయి. అయిదో స్థానం. స్నేహితులు ఆ ఊసెత్తకుండా పొగాకు ధరల గురించి మాట్లాడుకున్నారు. గీతలు కనిపించకుండా పది గుళ్ళు అట్ట మీద పెట్టడం ఎలాగో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రిక్షాలో ఇంటికొస్తూ అడిగితే, "స్కోపు అంచు గుండ్రంగా తెలుస్తుందిగా, దాని నడిమధ్యకి ఆ నల్ల మసకని తెచ్చుకున్నాను" అన్నారు, అదేమంత పనీ కాదన్నట్టు. నా వంతు వచ్చినప్పుడు ఆ దారం నల్లచుక్క నడుమ నిలబడింది. ఊపిరి తీస్తే కొద్దిగా కదిలింది, బిగపడితే ఆగింది. అంతకుముందూ ఆ తరవాతా నేను దేన్నీ అంత స్పష్టంగా చూడలేదు. నేను మొదటొచ్చాను. పెయింటరు బోర్డు మీద నా పేరు రాశాక మావయ్యగారు దగ్గరికెళ్ళి "చదువమ్మాయ్" అన్నారు. నా పేరు నేనే చదివి వినిపించాను. ఆయన అక్షరాల మీద వేలు పెట్టి తడిమారు. తడి పెయింటు వేలికంటుకుంది, రాత్రి భోజనం దాకా కడుక్కోలేదు. నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు ఆ క్లబ్బూ లేదు, మావయ్యగారూ లేరు. స్కోపు బీరువాలో ఆయన పాత పంచెలో చుట్టి ఉంది. బొమ్మలు చూసి చెప్పడం నా వల్ల కాదు, ఇంటికి రమ్మన్నాను. శనివారం మనవరాలు వచ్చింది. ముందు నేనే కంటికి ఆనించుకున్నాను. తెల్లటి గుండ్రం, లోపల ఏమీ లేదు. "దారం తెగిపోయినట్టుందే" అన్నాను. మనవరాలు స్కోపు తీసుకుని కిటికీ వైపు తిరిగింది.

"ఎక్కడ తెగింది? ఉందిగా నానమ్మా! అబ్బ, ఎంత సన్నగా ఉందో. ఏ కంపెనీ ఇది?"

"జామచెట్టు కంపెనీ" అన్నాను. నా కంట్లో దిగిన శుక్లానికి వచ్చే నెల ఆపరేషన్, ఇప్పుడు ముదిరేదాకా ఆగనక్కర్లేదు. మనవరాలు మళ్ళీ అడిగింది, ఇంతకీ ఏ గీత తీసుకోమంటావని. "నాకు కనిపించేది కాదు, నీకు కనిపించేది తీసుకో" అన్నాను. అక్కడే నిలబడి ఉత్త కూడిక గుర్తున్నది ఆర్డరు పెట్టేసింది. అది స్నానానికి వెళ్ళాక స్కోపు మళ్ళీ కంటికి పెట్టుకుని, వీధి చివరి కొబ్బరిచెట్టు మసకని ఆ గుండ్రం నడిమధ్యకి తెచ్చుకున్నాను. కాలం మా ఇంట్లో కళ్ళని ఒక్కొక్కటే మసకబారుస్తూ వచ్చింది గానీ, ఆ మంచు పొద్దున బిగించిన దారాన్ని మాత్రం ఇన్నేళ్ళయినా వదులు చేయలేకపోయింది.